కడుపుతోని ఉన్న చెల్లెకు నా కాన్పు సంగతి చెప్పాల్నా వద్దా?

ప్రశ్న: అమ్మా నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు, నన్ను దేవరకొండ దిక్కు ఇచ్చిన్రు. నాకు 24 ఏండ్లు. తొలి కాన్పు, బాబు పుట్టి మూడు నెలలు కావస్తుంది. నొప్పులు రావాలని మందు పెట్టిన్రు, పొద్దంత రాత్రంత నొప్పులు పడ్డ, ఆఖరుకు బాబు గుండె కొట్టుకునుడు తగ్గుతుందని ఉరికిచ్చి పెద్దాపరేషన్ చేసిన్రు. ఏమైతుందో ఒక్కరు కూడ చెప్పలే, అరిస్తే సిస్టర్ తిట్టింది. బాబును నాకు సరిగ చూపియ్యకుండనే తీసుకపోయి అద్దాల పెట్టెల పెట్టిన్రు, మూడోనాడు చేతికిచ్చిన్రు. ఇప్పుడు వాడు మంచిగనే ఉన్నడు. కానీ తొట్టెల నాడు అందరు కూసొని ఎవరి కాన్పు ముచ్చట వాళ్ళు చెప్పుకుంటుంటే నేను కూడ నోరు తెరిచిన, మా అత్తమ్మ "నీకేం నొప్పి తెలుసు, కోసి తీసిన్రు గద" అన్నది, అందరు నవ్విన్రు. అప్పటిసంది ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు మా చెల్లెకు ఎనిమిదో నెల, మే నెలల డేటిచ్చిన్రు. రోజు ఫోన్ చేసి "అక్కా ఎట్లుంటది, నిజం చెప్పు" అంటది. మా అమ్మేమో కడుపుతోని ఉన్నదానికి గసొంటివి చెప్తే భయపడ్తది, నువ్వు నోరు మూసుకో అంటది. చెప్పాల్నా, దాచాల్నా? ఇంకొకటి, లేబర్ రూంల నన్నే పక్కన ఉండమంటుంది. నాకు ఆ లైట్లు యాదికొస్తేనే చేతులు చల్లబడతయి.

సమాధానం: చెప్పు తల్లీ. దాచకు. కానీ మీ చెల్లెకు చెప్పేకంటె ముందు నీ సంగతి ఒకటి తేల్చుకోవాలె, ఎందుకంటే నీ ఉత్తరంల రెండు ప్రశ్నలే ఉన్నయి గాని నాకు మూడోది కూడ వినపడ్డది, అదేందంటే ఆనాడు నాకు అసలేం జరిగింది అని. అది నీకే సరిగ తెల్వకుంటే చెల్లెకు నువ్వు చెప్పేది భయం ఒక్కటే అయితది.

ముందుగాల మీ అత్తమ్మ మాట సంగతి చూద్దాం. తొట్టెలల్ల కూసున్నప్పుడు మన దిక్కు ఆడోళ్ళ ముచ్చట ఎట్లుంటదో నాకు తెల్వనిదా, నేను ఏఎన్ఎంగ, అంటే ఊర్లల్ల తిరిగే నర్సమ్మగ చేసి రిటైరైన, ఎన్ని తొట్టెలలకు పోయిన్నో లెక్కలేదు. ఒకామె నాటేసొచ్చి కన్న అంటది, ఇంకొకామె మంత్రసాని వచ్చేటాలకే బయటపడ్డడు అంటది, ఒకామె మూడు దినాలు నొప్పులు పడ్డ అంటది, పక్కన కూసున్నామె నాలుగు అంటది. వినబుద్ధైతది, నవ్వొస్తది కూడ. కానీ ఆ ముచ్చటల్ల పెద్దాపరేషన్ అయినోళ్ళకు జాగ ఉండదు, ఇదేం అన్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఎందుకంటే ఇప్పుడు తెలంగాణల కాన్పులల్ల సగానికంటె ఎక్కువ ఆపరేషన్లే. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన రాష్ట్రంల 100 కాన్పులల్ల 60కి పైనే ఆపరేషన్ అని తేలింది, ప్రైవేటుల అయితే 81, సర్కారు దవాఖాన్లల్ల 44 దాక. దేశం మొత్తం చూస్తే 21 చిల్లరే. అందుల ఎన్ని అక్కరకు చేసినయో ఎన్ని ముహూర్తానికి చేసినయో అది వేరే పంచాయితి. కానీ నీ సంగతి చూస్తే నువ్వు పొద్దంత రాత్రంత నొప్పులు కూడ పడ్డవు, ఆమీద కోత కూడ పడ్డవు. రెండూ అయినయి నీకు. ఆ మాట తొట్టెల నాడే ఎవరన్న అనాల్సింది.

ఈ లెక్కలు తీసుకపోయి అత్తమ్మకు చెప్పకు, ఏం ఫాయిదా ఉండదు. నేనైతే ఇంకొకటి చేస్తుంటి. నువ్వు ఆమె ఇద్దరే ఉన్నప్పుడు, కూరగాయలు తరుక్కుంటనో బాబుకు నూనె రాస్కుంటనో, "అత్తమ్మా నీ తొలి కాన్పు ఎట్లయింది" అని అడుగు. ఆ తరం వాళ్ళను ఎవ్వరు అడగలే తల్లీ. ఇంటింటికి తిరిగి నేనే అడుగుతుంటి, రికార్డుల రాస్కునేటందుకు ఎన్ని కాన్పులు ఎంతమంది బతికిన్రు అని. కొందరు లెక్క చెప్పి ఊకునేటోళ్ళు, కొందరు కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్సేటోళ్ళు, ముప్పై ఏండ్ల కింద పురిట్ల పోయిన పిల్ల గురించి. మీ అత్తమ్మకు కూడ ఏదో ఉండి ఉంటది అని నేను అంటలేను, ఉండకపోవచ్చు, ఉత్త నోటి దురుసే కావచ్చు. అడగబుద్ధి కాకపోతే అడగకు, అది నీ మీద బాకీ ఏం కాదు.

ఇగ అసలు పని. నీ డిశ్చార్జ్ కాయితం తియ్యి, బీరువల ఉంటది, లేకుంటే మీ ఆయన బండి డిక్కిల ఉంటది. దాంట్ల ఆపరేషన్ ఎందుకు చేసిన్రో ఒక లైను రాసి ఉంటది. ఫీటల్ డిస్ట్రెస్ అని ఉంటే లోపల బాబు తట్టుకోలేకపోతుండు, గుండె కొట్టుకునుడుల తేడా వచ్చిందని అర్థం. నాన్ ప్రోగ్రెస్ అంటే నొప్పులు వస్తున్నా గర్భసంచి మూతి తెరుసుకుంట లేదని. నొప్పులకు సెలైన్ల మందు పెట్టినప్పుడు నొప్పులు దగ్గర దగ్గర వస్తయి, గట్టిగ వస్తయి, అందుకే ఆ టైంల బాబు గుండె చప్పుడు మాటిమాటికి చూడాలె, తేడా వస్తే తొందరపడాలె. అంటే వాళ్ళు ఉరికింది బాబు కోసం. చెప్పకపోవుడు తప్పే, తిట్టుడు ఇంకా పెద్ద తప్పు, నొప్పుల మీద ఉన్నదాన్ని తిట్టే హక్కు ఎవ్వరికి లేదు, నేను అదే డిపార్ట్‌మెంట్ల పనిచేసిన మనిషిని ఈ మాట చెప్తున్న. కానీ ఉరికిచ్చుడు మాత్రం నీ మీద కోపంతోని కాదు, నీ తప్పు వల్ల కాదు, నువ్వు సరిగ ముక్కక కాదు.

కాయితం అర్థం కాకపోతే డాక్టర్‌నే పోయి అడుగు, కేస్ షీట్ కాపీ కూడ అడగొచ్చు. పేషెంట్ అడిగితే 72 గంటలల్ల రికార్డులు ఇయ్యాలని 2002 నుంచి డాక్టర్లకు రూలున్నది. మూడేండ్లు దాచిపెట్టాలని కూడ ఉన్నది. కొట్లాటకు పోయినట్టు కాకుండ "నాకు ఏమైందో తెల్సుకుందామని వచ్చిన" అంటే చాలామంది మంచిగనే చెప్తరు. కడుపు లోపల కోత అడ్డంగ పెట్టిన్రా నిలువుగ పెట్టిన్రా అని కూడ అడిగి రాస్కో, పై తోలు మీద కనపడే గీత చూసి లోపలిది చెప్పలేం. లోపల కింది భాగంల అడ్డం కోత అయితే మళ్ళ కాన్పు నార్మల్‌కు ప్రయత్నం చెయ్యనీకి చాలామందికి వీలుంటది. మళ్ళ కాన్పు అంటే రేపే కాదు మళ్ళ, కనీసం రెండేండ్లు ఆగినంక నెల తప్పాలె.

కొన్ని నీకు అంతుపట్టనియి నేను ఊహించి చెప్త, కరెక్టో కాదో నువ్వే చూస్కో. ఆపరేషన్ టేబుల్ మీద పెయ్యంత గజగజ వణికిందా? అది భయంతోని ఒక్కటే కాదు, నడుముకు సూది ఇచ్చినంక చాలామందికి వస్తది, నార్మల్ కాన్పు అయినంక కూడ వస్తది, కొద్దిసేపట్ల తగ్గుతది. నొప్పి తెల్వకున్నా కడుపుల ఎవరో చెయ్యి పెట్టి గుంజుతున్నట్టు అనిపిచ్చిందా? అనిపిస్తది, ఆ సూది నొప్పిని ఆపుతది గాని గుంజుడు, ఒత్తుడు తెల్వకుండ చెయ్యదు. ఈ మాట ముందే ఎవరన్న చెప్పి ఉంటే "నాకు మత్తెక్కలేదు, ఇగ కోస్తరు" అని గుండె ఆగినంత పని కాకపోతుండె. ఇగ ఆ నడుము సూది వల్లనే జీవితమంత నడుమునొప్పి అని మన దగ్గర ప్రతి ఇంట్ల అంటరు, అది నిజం కాదు. సూది ఇచ్చిన జాగల కొన్ని దినాలు నొస్తది, కొందరికి లేచి కూసుంటే తలనొప్పి పండుకుంటే తగ్గుడు అట్ల కొన్ని దినాలు ఉంటది, దానికి మందుంది. నెలలు నెలలు నడుం నొచ్చేది ఎందుకంటే పిలగాన్ని వంగి వంగి ఎత్తుకునుడు, కూసొని నిద్రపోకుంట పాలిచ్చుడు, కడుపు కండరాలు వదులైపోవుడు.

ఇవన్ని తెలిసినంక నీ కథల బొక్కలు కొన్ని పూడ్తయి. అప్పుడు ఒక్కరికి చెప్పు. ఒక్కరికే. తొట్టెల లెక్క పదిమందిల కాదు. మీ ఆయన ఎక్కడుంటడో నువ్వు రాయలే, మన దిక్కు చాలామంది మొగోళ్ళు హైదరాబాద్‌లనో పూణేలనో ఉంటరు గద, ఆయన దూరమున్నా సరే, ఫోన్ల చెప్పు, ముందే అను, "నాకు సలహా ఏం చెప్పకు, బాబు మంచిగున్నడు గద అని కూడ అనకు, ఉత్తగ విను" అని. ఆ "బాబు మంచిగున్నడు గద" అన్న మాట ఉంది చూడు, అందరు మంచికే అంటరు గాని అది నోరు మూసే మాట. బాబు మంచిగుండుడు వేరు, నువ్వు మంచిగుండుడు వేరు. మనుషులు దొరక్కపోతే వాయిస్ రికార్డ్ చేస్కో, ఎవ్వరికి పంపకున్నా పర్వాలేదు, మొదటినుంచి ఆఖరుదాక ఒక్కసారి నోట్లకెళ్ళి బయటికి రావాలె.

చేతులు చల్లబడతయి అన్నవు, అది నాకు కొంచెం ఆలోచన పెట్టింది. యాదికి తెచ్చుకోకున్నా అదే కండ్ల ముందుకు వస్తుందా, బాబు పండుకున్నా నీకు నిద్ర పడ్తలేదా, దవాఖాన దిక్కు పోవాలంటేనే దారి మార్చుకొని పోతున్నవా, వాన్ని చూస్తే ఏం అనిపిస్త లేదా, ఊకె ఏడుపొస్తుందా? కాన్పయిన మూడు నాలుగు దినాలకు ఏడుపు సగంమందికి పైనే వస్తది, రెండు వారాలల్ల అదే పోతది. నీకు మూడు నెలలు కావస్తుంది, ఇంకా ఉంటే అది మనసు గట్టి చేస్కుంటే పోయే సంగతి కాదు, మందు ఉన్న జబ్బు. 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటరు, 2022ల సర్కారు పెట్టింది, పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడన్న చెయ్యొచ్చు, తెలుగుల మాట్లాడ్తరు. డాక్టర్ దగ్గరికి పోతే పది ప్రశ్నల పేపర్ ఒకటి అడగొచ్చు, ఎడిన్‌బరాల 1987ల తయారు చేసింది, దాంట్ల నువ్వు ఏ గీత మీద ఉన్నవో తెలుస్తది. పాలిచ్చేటోళ్ళకు ఇయ్యదగ్గ మందులే ఉన్నయి, పాలు బంద్ చెయ్యాల్నేమో అని ఆగకు. చచ్చిపోవాలె అనో పిలగానికి ఏదన్న చేస్తనేమో అనో ఒక్క ఆలోచన వచ్చినా ఆ రోజే పోవాలె, ఎవరో ఒకర్ని ఎంబట తీస్కొని.

ఇప్పుడు చెల్లె దగ్గరికి వద్దాం.

మీ అమ్మ చెప్పింది ఉత్త చాదస్తం కాదు, నేను మీ అమ్మ దిక్కు కూడ ఒక మాట మాట్లాడ్త. నెలలు నిండినదాని దగ్గర కూసొని "నా పాణం పోయినంత పనైంది, ఇగ పోయిననే అనుకున్న" అని ఆపేస్తే అది పొద్దుందాక అదే తల్సుకుంటది. భయపెట్టేది నిజం కాదు, ఆఖరు చెప్పకుండ వదిలేసిన నిజం. నువ్వు చెప్పేదాంట్ల ప్రతి ముక్కకు వెనక ఒక పని ఉండాలె, అప్పుడు నువ్వేం చెయ్యాలంటే అని. నన్ను తిట్టిన్రు అని చెప్తే, నీ పక్కన మనిషిని పెట్టుకో అని కూడ చెప్పు. బాబును చూపియ్యలే అని చెప్తే, నీ బిడ్డను తీసుకపోతే ఎంబడి మీ ఆయన పోవాలె, ఫోన్ల ఫోటో తీసుకొచ్చి నీకు చూపియ్యాలె అని ముందే ఇంట్ల మాట్లాడి పెట్టుకో అని కూడ చెప్పు. ముందుగాల దాన్నే అడుగు, నీకు ఏం తెల్సుకోవాలని ఉంది అని. అడిగినదానికే చెప్పు. రాత్రి పండుకునే ముందు వద్దు, పగటి పూట చెప్పు.

ఆపరేషన్ కథే కాదు, నార్మల్ కథ కూడ నిజం నిజంగ చెప్పాలె. మిర్యాలగూడ దిక్కు ఒకామె నా దగ్గరికి వచ్చేది, నార్మల్ అయింది, కింద కుట్లు పడ్డయి, సక్కగ కూసోనీకి రాక పక్కకు ఒరిగి పాలిచ్చేది, దొడ్డికి పోవాలంటే వణికేది, ఆమెను ఒక్కరు అడగలే, నార్మలే గద అన్నరట. ఆపరేషన్ అయితే నీకేం నొప్పి తెలుసు, నార్మల్ అయితే నీకేమైంది. మరి ఎవరికి నొప్పి ఉంటదో నాకు తెల్వదు.

ముహూర్తం సంగతి మాత్రం ఇప్పుడే చెప్పు, ఆలస్యం చెయ్యకు. చెల్లె అత్తగారోళ్ళు పంతులు దగ్గరికి పోయి మంచి టైం రాయించుకొచ్చే మనుషులైతే, 39 వారాలు నిండకముందు అక్కర లేకుండ కోస్తే పిల్లకు ఊపిరి ఆడుడు కష్టమై అదే అద్దాల పెట్టెల పెట్టాల్సి వస్తదని వాళ్ళకు చెప్పు. డాక్టర్ చెప్పిన కారణానికి ఎప్పుడన్న చెయ్యనియ్యి, నక్షత్రానికి వద్దు. నువ్వు మూడు దినాలు చేతుల పిలగాడు లేకుండ పండుకున్నదానివి, ఈ మాట నీ నోటినుంచి వస్తే వాళ్ళు వింటరు.

ఇగ కాన్పు అయినంక మొదటి పది దినాలు. నన్నడిగితే నొప్పులకంటె ఇదే ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే నొప్పుల టైంల చుట్టూ పదిమంది ఉంటరు, ఈ పది దినాలల్ల సలహాలు చెప్పేటోళ్ళు ఉంటరు గాని ఏది మామూలో ఏది కాదో చెప్పేటోళ్ళు ఉండరు.

పాలు. కాన్పయిన గంటలనే రొమ్ముకు పెట్టాలె, ఆపరేషన్ అయినా సరే, పక్కకు పండుకోబెట్టి ఎవరన్న పట్టుకుంటే తాగుతది. మొదట వచ్చే ముర్రుపాలు చెంచా అంతే ఉంటయి, పసుపు పచ్చగ చిక్కగ, ఆ పిల్ల కడుపుకు ఆ చెంచాడే సరిపోతది. పాలు పొంగుకుంట వచ్చేది మూడోనాడు అటిటు, ఆపరేషన్ అయినోళ్ళకు ఒకటి రెండు దినాలు ఇంకా లేటు కావచ్చు. ఆ రెండు దినాలల్లనే ఇంట్లోళ్ళు పాలు పడలే పాలు పడలే అని డబ్బ పాలు తెస్తరు, పిల్ల వాటితోని కడుపు నిండి రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు రావు, అప్పుడు చూసినవా పాలు పడలేదు అంటరు. డాక్టర్ బరువు చూసి, షుగర్ చూసి పొయ్యమంటే పొయ్యాలె, అది వేరు. పిల్ల మొదటి వారంల బరువు తగ్గుతది, పుట్టినప్పటి బరువుల 100కు 10 వంతుల దాక తగ్గొచ్చు, రెండు వారాలకు మళ్ళ వస్తది. రాత్రి పగలు కలిపి 8 నుంచి 12 సార్లు తాగుతుందా, ఐదోనాటి నుంచి రోజుకు ఆరేడు సార్లు ఉచ్చ పోస్తుందా, ఈ రెండు చూస్కుంటే పాలు సరిపోతున్నట్టే. ఒకవేళ పిల్లను పెట్టెల పెట్టినా చేతితోని పిండి పాలు పంపియ్యొచ్చు, నిన్ను అప్పుడు ఎవరన్న పిండమన్నరో లేదో, చెల్లెకు మాత్రం చెప్పు.

పథ్యం. ఎల్లిపాయ కారం వేసుకొని వేడి వేడి అన్నం తింటే నాకైతే ఇప్పటికీ నోరూరుతది, దాని మీద నాకేం కోపం లేదు. బాలెంతలకు పెట్టే కాయం మందు తిననియ్యి, చెవులల్ల దూది పెట్టుకోనియ్యి, తలకు రుమాలు కట్టుకోనియ్యి. కానీ నీళ్ళు తాగొద్దు అంటరు చూడు, కుట్లు చీము పడ్తయని, పొట్ట వస్తదని, మే నెల ఎండలల్ల కూడ గ్లాసుల కొలిచి ఇస్తరు, అది మాత్రం వినొద్దు. పాలిచ్చేటామెకు దూపైనప్పుడల్ల తాగాలె. నీళ్ళు తగ్గితే మొదలు దొడ్డికి గట్టిగయితది, కుట్ల మీద ముక్కుడు ఎట్లుంటదో నీకు తెల్సు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, మాంసం తినేటోళ్ళయితే మాంసం, ఇవన్ని తినాలె, అంగన్‌వాడిల ఆరోగ్య లక్ష్మి కింద బాలెంతలకు గుడ్డు పాలు భోజనం ఆరు నెలల దాక ఇస్తరు, పేరు రాయించుకొమ్మను. రక్తం గోలీలు కూడ కాన్పయినంక 180 దినాలు వేసుకోవాలె, చాలామంది దవాఖానల ఇచ్చిన సంచిల అట్లనే ఉంచుతరు.

పిల్లకు సాంబ్రాణి పొగ పెట్టి రూం తలుపు మూస్తరు, ఊపిరితిత్తులు ఇంకా లేతయి, వద్దు. ఆడపిల్ల పుడితే రెండు మూడు దినాలకు కింద చిన్నగ రక్తం మరక కనపడొచ్చు, మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా రొమ్ములు ఉబ్బొచ్చు, తల్లి హార్మోన్లు దిగుతుంటయి, అంతే. ముసలోళ్ళు ఆ రొమ్ములు పిండుతరు, పిండనియ్యొద్దు, చీము పడ్తది. ముక్కుల చెవుల నూనె పొయ్యనియ్యొద్దు.

కండ్లు పచ్చగైతే పొద్దున ఎండల పెట్టుమంటరు అందరు. పచ్చదనం చాలామంది పిల్లలకు రెండో మూడో నాటి నుంచి వచ్చి వారంల తగ్గుతది, కానీ ఎండ నమ్ముకొని ఇంట్ల కూసోవద్దు, మొదటి 24 గంటలల్లనే పచ్చగైనా, అరచేతులకు అరికాళ్ళకు పచ్చదనం దిగినా వెంటనే తీసుకపోవాలె, నీలి లైటు కింద పెడ్తరు, అది చూసి భయపడాల్సింది లేదు. పాలు తాగుడు బంద్ చేసినా, డొక్కలు ఎగరేసినా, పెయ్యి చల్లబడ్డా కాలినా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు.

తల్లికి రక్తం పోవుడు నాలుగు నుంచి ఆరు వారాల దాక ఉంటది, రోజు రోజుకు తగ్గుకుంట రంగు మారుకుంట, పాలిచ్చేటప్పుడు కడుపుల పిండినట్టయి కొంచెం ఎక్కువ పోతది, అదంత మామూలే. గంటకే ప్యాడ్ మొత్తం తడిసినా, నిమ్మకాయకంటె పెద్ద గడ్డలు పడ్డా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా, ఒక్క కాలి పిక్కనే వాచి నొచ్చినా, ఆయాసమొచ్చినా 108కి ఫోన్ చెయ్యాలె. ఇంకొకటి ఎవ్వరు చెప్పనిది, కాన్పుకు ముందు బీపీ మంచిగున్నోళ్ళకు కూడ కాన్పయినంక ఆరు వారాల దాక బీపీ పెరగొచ్చు, తల పగిలిపోయినట్టు నొప్పి, కండ్లు మసక మసక, పైపొట్టల నొప్పి. మన ఇండ్లల్ల దాన్ని సల్లగాలి తగిలింది అని తలకు గుడ్డ కడ్తరు. బీపీ చూపిచ్చాలె. ఆశ వర్కర్ మూడోనాటి నుంచి 42వ నాటి దాక ఆరుసార్లు ఇంటికి రావాలె, చెల్లె ఊరి ఆశమ్మ నంబర్ ఇప్పుడే ఫోన్ల వేసుకొమ్మను, రాకపోతే పిలిపిచ్చుకోవాలె.

నువ్వు ఇదంత ఒక్కరోజే చెప్పాల్సిన పని లేదు. రోజు ఫోన్ చేస్తది గద, రోజుకింత చెప్పు.

ఇగ లేబర్ రూంల పక్కన ఉండే సంగతి. సర్కారు దవాఖానల కాన్పప్పుడు ఒక తోడు మనిషిని ఉండనియ్యాలని 2016లనే కేంద్రం గైడ్‌లైన్ ఇచ్చింది, తను కూడ కాన్పు చూసిన ఆడమనిషైతే మంచిదని దాంట్లనే ఉంది, అంటే నువ్వు సరిపోతవు. పక్కన ఒక మనిషి చెయ్యి పట్టుకొని ఉన్నోళ్ళకు నొప్పుల టైం తగ్గుతది, ఆపరేషన్లు కూడ తక్కువైతయని చాలా దేశాలల్ల చూసి తేల్చిన్రు. అయితే అన్ని దవాఖానలల్ల ఉండనిస్తరని లేదు, వచ్చే చెకప్‌కు పోయినప్పుడే అడగమను, రాత్రి నొప్పులు వచ్చినంక గేటు దగ్గర వాచ్‌మెన్‌తోని కొట్లాడితే కాదు.

నువ్వు ఉండగలవా లేదా అన్నది నేను చెప్పేది కాదు, నీ పెయ్యే చెప్తది. ఒక పని చెయ్యి, ఆ చెకప్‌కు నువ్వు కూడ ఎంబట పో, వార్డు దాక పోయి నిలబడి చూడు. చేతులు చల్లబడ్డా నిలబడగల్గితే ఉండు. ఊపిరి ఆడక బయటికి రావాలనిపిస్తే ఆ రోజే చెల్లెకు చెప్పేసెయ్, "నేను లోపలికి రాలేను, గేటు బయట ఉంటా, అమ్మను లోపల పెట్టుకో" అని, మీ అమ్మకు ఇప్పటినుంచే తయారుగుండమని చెప్పు. ఇవన్ని చెప్తే భయపడ్తది అన్నామె లోపల ఉండాల్సి వస్తే ఆమెకు కూడ తెల్వాలె గద ఏం అడగాల్నో. చెల్లె కాన్పు రోజు బాబును ఎవరి దగ్గర ఉంచుతవో చూస్కో, నాలుగు నెలల పిలగాన్ని వార్డుకు తీసుకపోవద్దు. ముందుగాలే పాలు పిండి ఫ్రిజ్‌ల పెడితే నాలుగు దినాలు ఉంటయి, బయట నాలుగు గంటలు ఉంటయంటరు గాని అది 25 డిగ్రీల లెక్క, మన దిక్కు మే నెలల ఆ లెక్క నడవదు, ఫ్రిజ్‌లకెళ్ళి తీసినయి వేడి నీళ్ళ గిన్నెల పెట్టి గోరువెచ్చగ చేసి గిన్నె చెంచతోని పట్టమను, పొయ్యి మీద కాగబెట్టొద్దు. నీకు అక్కడ రొమ్ములు గట్టి పడ్తయి, మూడు గంటలకొకసారి బాత్రూంలకు పోయి పిండుకో, జాకెట్ల పెట్టుకోనీకి ఒక మెత్తటి గుడ్డ ఎక్కువ తీస్కపో.